బండలమిట్ట దప్పిబండ వైనం

బండలమిట్ట పట్టణంలో రైలు కట్ట దాటి పడమటికి మైలు దూరం నడిస్తే ప్రభుత్వ వృక్షోద్యానం వస్తుంది. ద్వారం లోపల ఎడమచేతి వైపు ఔషధ మొక్కల మళ్ళు, వాటి వెనుక తాటి ఈత జాతుల వరుస, ఆపైన గాజుటిల్లు ఉంటాయి. అవన్నీ చూసుకుంటూ వెళ్ళినవారికి ఒక చోట నేల ఉన్నట్టుండి పల్లంలోకి దిగుతుంది. రాతిమెట్లు నలభై రెండు. మెట్ల కింద శిలావనం.

ఇక్కడ చిన్న రాయి మొదలుకొని గడ్డివాము అంత రాయి వరకు వందలాది బండలు ఒకదానికొకటి ఆనుకొని మూడు వైపులా మెట్టు మెట్టుగా పైకి లేచి ఉంటాయి. ఏ రెండు రాళ్ళ మధ్యా సున్నం లేదు, సిమెంటు లేదు. సందుల్లో కలబంద, నల్లేరు, బొమ్మజెముడు, మయూరశిఖ పెరుగుతుంటాయి. అడుగున, అన్నింటికీ నడుమ, ఒక ఇంటి కప్పంత నల్లబండ కొద్దిగా తూర్పుకు ఒరిగి ఉంటుంది. దాని నెత్తిన అరచేయి పట్టేంత నెర్రె ఉంది. ఆ నెర్రె చుట్టూ మండువేసవిలో కూడా హంసపాది మొక్క పచ్చగా ఉంటుంది.

ఉద్యానవనం వారి పలక మీద 'శిలావనం' అని రాసి ఉంది. చుట్టుపక్కల పల్లెల వారికి ఆ పేరు తెలియదు. రైలు దిగి దప్పిబండకు పోవాలంటేనే ఆటోవారికి దారి తెలుస్తుంది. ఇక్కడ గుడి లేదు, విగ్రహం లేదు, పూజారి లేడు. హారతి పట్టరు, కొబ్బరికాయ కొట్టనివ్వరు. అయినా ఏడాది పొడుగునా జనం వస్తూనే ఉంటారు. వచ్చినవారు తెలుసుకొని పోవడం కోసం, పెద్దల వద్ద విన్నది విన్నట్టుగా ఈ స్థలం కథను ఇక్కడ చెబుతున్నాము.

పూర్వం ఇక్కడ తోట లేదు. ఒక గుట్ట ఉండేది. ఒక కాంట్రాక్టరు ఆ గుట్టను గుత్తకు తీసుకొని కంకర కోసం, కట్టడపు రాయి కోసం తవ్వించేవాడు. తవ్వగా తవ్వగా గుట్ట పోయి గుంత మిగిలింది. ఆ క్వారీలో పనిచేసేవారంతా రైలు కట్టకు ఇవతల వడ్డెపేటలో కాపురముండే రాతిపని వారు. వారిలో దేరంగుల మద్దిలేటిది పెద్ద చెయ్యి. రాయిని చూసి అది ఎటు చీలుతుందో చెప్పేవాడు. బండకు బెజ్జం వేసి పేలుడు మందు కూరి వత్తి అంటించే పని కూడా అతనిదే. భార్య సుంకులమ్మ తట్ట మోసేది, కంకర కొట్టేది. వారికి ఒక్కతే బిడ్డ, పేరు గిడ్డమ్మ. పదహారేళ్ళ పిల్ల. పనివారందరికీ కడవతో నీళ్ళు మోసి పోసేది ఆ పిల్లే. క్వారీ ఎండలో ఎవరు గొంతెండి తల ఎత్తినా గిడ్డమ్మ కడవ కోసమే చూసేవారు.

ఒక వైశాఖ మాసంలో, మిట్టమధ్యాహ్నం, గుంత పడమటి గోడకు మందు పెట్టారు. మద్దిలేటి ఎప్పటిలాగే మూడు కేకలు పెట్టాడు. ఆడా మగా అందరూ దిన్నె వెనక్కి చేరారు. అతను కళ్ళతో లెక్క చూసుకొని, వత్తి అంటించి, తానూ వచ్చి చేరాడు. అప్పుడు సుంకులమ్మ పక్కనున్న గిడ్డమ్మ చటుక్కున లేచి గుంతలోకి దిగి పరుగెత్తింది. తల్లి కేక వేసింది. తండ్రి లేచాడు. అతని చెయ్యి పట్టి ఇద్దరు మగవాళ్ళు వెనక్కి లాగారు. అంతలోనే మందు పేలింది.

ఆ రోజు గోడ అనుకున్నంత మాత్రమే రాలలేదు. పైనుంచి నల్లబండ ఒకటి మొత్తంగా జారి వచ్చి గుంతలో కూలబడింది. దుమ్ము అణిగాక చూస్తే పిల్ల లేదు. సుంకులమ్మ రాళ్ళ మీద పడి పిలిచింది. బండ కింది నుంచి పలుకు వచ్చింది.

పిల్ల బతికే ఉంది. బండ ఒరిగిన చోట, కింద ఎక్కడో మనిషి పట్టేంత తొర్ర ఏర్పడింది. నలభై మంది గడ్డపారలతో దిగారు. పక్కనున్న రాళ్ళు నాలుగు తీసేసరికి పెద్దబండ కిర్రుమని ఒక వేలెడు కుంగింది. అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఇంకొక్క రాయి లాగినా అది పూర్తిగా కూర్చుంటుందని కులపెద్ద చెప్పాడు. బండను ఎత్తే యంత్రం కోసం పట్నానికి మనిషిని పంపారు. సన్నగా బెజ్జం వేసి, చిటికెడు మందుతో బండను రెండుగా చీల్చవచ్చునేమో అని ఒకరిద్దరు మద్దిలేటితో అన్నారు. అతను అగ్గిపెట్టె తీశాడు.  దాన్ని నేల మీద పెట్టి పక్కకు పోయి కూర్చున్నాడు. మళ్ళీ జన్మలో మందు ముట్టలేదు.

సుంకులమ్మ బండ మీదికి ఎక్కి నెర్రెకు నోరు ఆనించి బిడ్డతో మాట్లాడింది. లోపలి నుంచి వచ్చే మాట ఆమె చెవికి తప్ప వేరెవరికీ స్పష్టంగా వినిపించేది కాదు. ఒక్క మాట మాత్రం అందరికీ తెలిసింది. పిల్లకు దప్పి అవుతోంది. సుంకులమ్మ కడవ తెప్పించి నెర్రెలో దోసిలితో నీళ్ళు పోసింది. పోసి చెవి ఆనించి విన్నది. మళ్ళీ పోసింది. మూడు పగళ్ళు అదే పని. తిండి లేదు, నీడ లేదు. తోటి ఆడవాళ్ళు ఆమె నెత్తిన కొంగు పట్టుకొని నిలబడ్డారు. మూడో రోజు పొద్దెక్కే వేళకు లోపలి పలుకు ఆగిపోయింది. సుంకులమ్మ నీళ్ళు పోయడం ఆపలేదు.

యంత్రం నాలుగో నాడు వచ్చింది. గొలుసు తగిలించి ఎత్తబోతే గొలుసు తెగింది. బండ కుంగి నేలకు ఆనుకుంది. ఇక కింద తొర్ర అనేది లేదని చూసినవారందరికీ అర్థమయింది. కాంట్రాక్టరు ఆ వారంలోనే సామాను ఎత్తించుకొని పోయాడు, తిరిగి రాలేదు. గుట్ట పాడుబడింది.

మద్దిలేటి ఆ పక్కకు మళ్ళీ అడుగుపెట్టలేదు. వడ్డెపేట మొదట్లో, రోడ్డు పక్కన చెట్టు నీడన కూర్చుని ఉలితో రోళ్ళు, తిరగళ్ళు చెక్కుకునేవాడు. సుంకులమ్మ కూలికి పోయేది. ఒకే కప్పు కింద ఉన్నారు. ఆమె సంగటి చేసి అతని ముందు పెట్టేది, అతను తిని పళ్ళెం కడిగి బోర్లించేవాడు. మాట మాత్రం లేదు. బిడ్డ పోయిన నాటి నుంచి ఆమె అతనితో ఒక్క మాట ఆడలేదు. మొదట్లో అతను రెండు మూడు సార్లు పలకరించి చూశాడు. ఆమె ముఖం తిప్పుకునేది. వత్తి అంటించిన చేతిని ఆమె క్షమించలేదని పేటంతా అనుకుంది. అతనూ అదే అనుకొని పలకరించడం మానేశాడు.

ప్రతి ఉదయం మాత్రం ఆమె కడవ ఎత్తుకొని రైలు కట్ట దాటి మైలు దూరం నడిచేది. గుంతలోకి దిగి, బండ ఎక్కి, నెర్రెలో నీళ్ళు పోసి వచ్చేది. జ్వరం వచ్చినా పోయేది, వాన కురుస్తున్నా పోయేది. పిల్ల కలలో కనిపించి అడుగుతోందని పేటలో కొందరు చెప్పుకున్నారు. నేటికీ కొందరు అలాగే చెబుతారు. సుంకులమ్మ ఆ మాట ఒప్పుకునేది కాదు. "కల్లోకి వస్తాదేమో అని దినామూ సూస్తా. ఒక్కనాడూ రాలే," అనేది.

ఇలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఆ తర్వాత ప్రభుత్వం వారు గుట్ట, దాని చుట్టూ ఉన్న బీడు కలిపి అరవై ఎకరాలు వృక్షోద్యానానికి కేటాయించారు. దానిని నెలకొల్పడానికి అనంతశయనం అనే అధికారి వచ్చారు. ఆయన మొక్కల చదువు చదివినవారు, నెమ్మదస్తులు. పైవారు గీసి పంపిన నక్షా ప్రకారం క్వారీ గుంతలోని బండలను మందుపెట్టి పగలగొట్టాలి, ఆ రాయితో ప్రహరీ కట్టాలి, గుంతను పూడ్చి పచ్చిక వేయాలి. ఆయన మే నెలలో నేల చూసుకుంటూ గుంతలోకి దిగారు. ఎక్కడా గడ్డిపరక లేదు. రాళ్ళు కాలుతున్నాయి. నడుమనున్న నల్లబండ నెత్తిన మాత్రం పచ్చగా ఏదో కనిపించింది. ఎక్కి చూస్తే హంసపాది. అది ఎప్పుడూ చెమ్మ ఉండే చోట తప్ప బతకదు. ఈ బండ మీద, ఈ ఎండలో, దానికి తడి ఎక్కడిదో ఆయనకు అంతుపట్టలేదు. కింద ఊట ఉందేమోనని గుంతంతా వెతికించారు. లేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే కడవతో ఒక ఆడమనిషి బండ దిగుతోంది. ఆయనను చూసి సుంకులమ్మ అక్కడే నిలబడిపోయింది.

"రోజూ నీళ్ళు పోసేది నువ్వేనా అమ్మా?" అని ఆయన అడిగారు.

"నేనే సామీ."

"ఈ మొక్క నువ్వు నాటిందేనా?"

"మొక్క సంగతి నాకు తెల్దు. నా బిడ్డ ఉండాది కింద."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. ఆమె మెట్టులాంటి ఒక రాతి మీద కూర్చుని జరిగింది చెప్పింది. ఎక్కడా ఏడవలేదు. వరుసగా, ఎవరి కథనో చెప్పినట్టు చెప్పి, చివరకు అడిగింది.

"ఈడ మందు పెడతారని పేటలో అంటాండారు. నిజమేనా సామీ?"

"నక్షాలో అలాగే ఉంది," అన్నారాయన. "బండను పగలగొడితే నీ బిడ్డకు చేయాల్సిన కర్మ చేసుకోవచ్చు. నీకు అది కావాలని ఉందేమో, చెప్పు," అన్నారు.

తొమ్మిదేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. సుంకులమ్మ చాలాసేపు బండ వంక చూసింది. కర్మ జరగలేదనే బాధ ఆమెకు లేకపోలేదు. పేటలో పెద్దకర్మల నాడు ఆమె ఇల్లు కదిలేది కాదు. అయినా తల అడ్డంగా ఊపింది.

"ఒకసారి మందుకే పాయె. చచ్చినాక మళ్ళా మందు పెట్టనీను. బండనుగూడా కదపొద్దు. అది యాడుందో ఆడనే ఉండనీ. నేను వచ్చి నీళ్ళు పోసుకునేకి తావియ్యి, సాలు."

అనంతశయనం గారు ఆ వారమే పైవారికి రాశారు. గుంతను పూడ్చవద్దని, అదే రాళ్ళతో శిలావనం ఏర్పరిస్తే మెట్ట మొక్కలన్నింటికీ చోటవుతుందని, సీమలో ఇలాంటిది వేరొకటి లేదని రాశారు. కింద ఎవరున్నారో కూడా రాశారు. కొన్నాళ్ళకు ఒక ఇంజినీరు వచ్చి గుంత చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. జనం తిరిగే చోట ఇన్ని బండలు పట్టు లేకుండా ఉండటం ప్రమాదమన్నాడు. రెండేళ్ళలో ప్రతి రాయికీ ఆసరా కల్పించి చూపాలి, నల్లబండ వెంట్రుకవాసి కూడా కదలకూడదు, లేకుంటే మందు పెట్టక తప్పదన్నాడు. యంత్రం దిగితే ఆ అదురుకే బండ ఒరుగుతుంది. మనుషుల చేతులతోనే జరగాలి.

ఎవరు చేయగలరని అనంతశయనం గారు పేటలో అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారు.

ఆయన మద్దిలేటి ఇంటికి వచ్చిన వేళ సుంకులమ్మ లోపల కొర్రలు చెరుగుతోంది. చేట ఆపి విన్నది.

"ఆ పక్క నా కాళ్ళు పోవు సారూ," అన్నాడు మద్దిలేటి.

"నువ్వు రాకపోతే మందు పెడతారు."

బయట ఉలి కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"బండను కదపాల్నంటే నేను రాను. కదలకుండా చేయాల్నంటే వస్తా."

"కదలకుండా చేయాలి," అన్నారాయన.

మర్నాడు పొద్దున సుంకులమ్మ కడవ ఎత్తుకొని బయలుదేరితే వెనుక పాతిక అడుగుల దూరంలో మద్దిలేటి గడ్డపార భుజాన వేసుకొని నడిచాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. నడక వేగం మాత్రం తగ్గించింది. గుంత అంచుకు వచ్చి అతను ఆగిపోయాడు. ఆమె దిగింది, నీళ్ళు పోసింది, ఎక్కి వచ్చింది. అతను ఇంకా అంచునే ఉన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అలాగే నిలబడి, అప్పుడు ఒక్కొక్క అడుగే వేసి దిగాడు.

పని రెండేళ్ళు సాగింది. పేటలోని మగవాళ్ళు పన్నెండు మంది, ఆడవాళ్ళు పదిమంది చేశారు. మద్దిలేటి ముందుగా నల్లబండ చుట్టూ నెల రోజులు తిరిగాడు. చెవి ఆనించి సుత్తితో తట్టి విన్నాడు. అది ఎక్కడ నేలను తాకిందో, ఎక్కడ బరువు మోపిందో తెలుసుకున్నాక, ఒరిగిన వైపు అడుగున గులకరాళ్ళతో మొదలుపెట్టి, వాటిమీద పిడికిలంత రాళ్ళు, వాటిమీద తలకాయంత రాళ్ళు కూర్చాడు. ప్రతి రాయినీ చేతితో తిప్పి తిప్పి దానికి సరిపోయే ముఖం దొరికాకే పెట్టేవాడు. తెలియనివారు చూస్తే రాళ్ళతో ఆడుకుంటున్నాడనుకునేవారు. రోజుకు మూర మించి సాగేది కాదు. ఆసరా పూర్తయ్యాక, చుట్టూ చెదిరి ఉన్న వందలాది రాళ్ళను మోకులు, దుంగలు, గడ్డపారలతో దొర్లించి మూడు వైపులా మెట్లుగా పేర్చారు. పేర్చిన ప్రతి సందులోనూ సుంకులమ్మ ఎర్రమన్ను కూరింది. ఏ మొక్కకు ఏ నీడ కావాలో అనంతశయనం గారు చెబుతుంటే ఆమె నాటింది.

భార్యాభర్తలు ఒకే రాతికి చెరో పక్క పనిచేశారు. అతనికి మన్ను కావలసినప్పుడు చేయి చాపితే ఆమె తట్ట అందించేది. అతని అరచేయి చితికిన రోజున పసుపూ గుడ్డా తెచ్చి పక్కన పెట్టి పోయింది. మాట మాత్రం లేదు. వెంట పనిచేసేవారు మొదట నవ్వుకున్నారు. తర్వాత నవ్వడం మానేసి, ఆ ఇద్దరి దగ్గర తామూ గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఇంజినీరు వచ్చి చూసి పోయాడు. బండ కదల్లేదు, ఇక కదలదు అని కాగితం మీద రాసి సంతకం చేశాడు. ఆ సాయంత్రం పనివారు సామాను సర్దుకొని వెళ్ళిపోయారు. ఎండ ఇంకా వాలలేదు. సుంకులమ్మ మొక్కలకు పోయగా మిగిలిన నీళ్ళ కడవతో బండ దగ్గర ఉంది. మద్దిలేటి గడ్డపార ఎత్తుకోబోయి ఆగాడు. ఈ రెండేళ్ళలో అతను బండ చుట్టూ ప్రతి వేలెడు చోటూ తాకాడు కాని పైకి మాత్రం ఎక్కలేదు. ఆ రోజు ఎక్కాడు. మోకాళ్ళ మీద కూర్చుని నెర్రెలోకి చూశాడు. లోపల చీకటి. హంసపాది ఆకులు అతని ముఖానికి తగిలాయి.

ఆమె కడవ తెచ్చి అతని పక్కన పెట్టింది.

అతను దోసిలి ముంచాడు. సగం నీళ్ళు బండ మీదే ఒలికాయి. మిగిలిన సగం నెర్రెలో పోశాడు. పోసి, చేతులు అలాగే ఉంచి, ఏం చేయాలో తెలియక కూర్చున్నాడు.

"ఇంకొంచెం పొయ్యి," అంది సుంకులమ్మ.

పదకొండేళ్ళ తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అదే. అతను వినీ విననట్టు ఆమె వైపు చూశాడు. మళ్ళీ దోసిలి ముంచి పోశాడు.

"చేరేవా?" అని అడిగాడు. "అప్పుడు. నువ్వు పోసినవి చేరేవా దానికి?"

"కొంచెం చేరేవి. బండెంబడి జారి వస్తాంటే నాలికతో అందుకుంటి అనేది."

అతని భుజాలు కదిలాయి. "నేను అంటించినా," అన్నాడు. "అందరినీ సూసుకునే అంటించినా సుంకులూ. అది నీ పక్కనే ఉండె. సూసినా."

"ఉండె. నువ్వు కేక పెడితివి. అది ఇన్నాది. ఇని గూడా పాయె."

"ఎందుకు పాయెనో నాకు తెల్దు."

"నాకు తెలుసు," అంది సుంకులమ్మ.

ఆమె బండ మీద అతనికి ఎదురుగా కూర్చుంది. మందు పేలిన నాటికి నాలుగు దినాల ముందు రాయి ఎగిరి తగిలి పాత కడవ పగిలిందని, కొత్తది చేతికిస్తూ బిడ్డను కసిరానని చెప్పింది. ఇది గూడా పగలగొట్టుకుంటే ఇంటికి రావద్దు, ఆ గుంతలోనే ఉండిపో అన్నాను అని చెప్పింది. ఆ మధ్యాహ్నం అందరూ తాగగా ఖాళీ అయిన కడవ కిందనే ఉండిపోయింది. దాని కోసం పోయింది పిల్ల.

"లోపలినుంచి నాతో చెప్పిన మొదటి మాట అదే. కడవ పగల్లేదమ్మా అనె. పగల్లేదు, నీళ్ళే లేవు అనె."

మద్దిలేటి తల దించుకున్నాడు.

"నోరు తెరిస్తే నీకు ఇది చెప్పాల. చెప్పేకి నాకు చేతకాలే. అందుకే తెరవలే," అంది ఆమె. "నువ్వు వేరేగా అనుకుంటాండావని తెలుసు. అనుకోనిచ్చినా. అది నా తప్పే."

పక్షులు గూళ్ళకు మళ్ళుతున్నాయి. పైన మళ్ళలో ఎవరో నీళ్ళు పారగడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మద్దిలేటి చాలాసేపటికి తల ఎత్తాడు.

"కొత్త కడవ గదా," అన్నాడు. "ఏ తల్లైనా అంటాది."

ఆ మాటకు సుంకులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బిడ్డ పోయిన నాడు కూడా ఆమె కంట నీరు చూడని అతను ఆ సాయంత్రం చూశాడు. కడవలో నీళ్ళు అయిపోయేదాకా ఇద్దరూ వంతుగా పోసి ఇంటికి పోయారు.

ఆ రోజు నుంచి వారు సుఖంగా మాటలాడుకుంటూ బతికారని చెబితే వినడానికి బాగుంటుంది. అలా ఏమీ కాలేదు. ఎక్కువ మాటలు వారికి మళ్ళీ అలవాటు కాలేదు. పొద్దున్నే ఇద్దరూ కలిసి వచ్చేవారు. అతను దోసిలి పోసేవాడు, ఆమె ఇంకొంచెం పొయ్యి అనేది, అతను మళ్ళీ పోసేవాడు. ఆమె పోసిన నాడు ఆ మాట అతను అనేవాడు. తోట తెరిచాక సుంకులమ్మను శిలావనంలో మాలిగా పెట్టుకున్నారు. మద్దిలేటి ఆరేళ్ళు బతికాడు. కంకర దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, ఒక మాఘమాసంలో దగ్గుతూ దగ్గుతూ పోయాడు.

అతని పెద్దకర్మ అయిన మర్నాడు సుంకులమ్మ ఒక్కతే వచ్చి బండ ఎక్కింది. ఒక దోసిలి పోసింది. పోసి, అలవాటు కొద్దీ ఆగింది. పక్కన ఎవరూ లేరు. చేతులు నెర్రె మీద చాపి అలాగే ఉండిపోయింది. కింద కలుపు తీస్తున్న హుసేనమ్మ అనే తోటి మాలి అది చూసింది. ఆ ఇద్దరినీ ఆరేళ్ళుగా చూస్తున్న మనిషి కాబట్టి ఆమెకు సంగతి తెలుసు. కొడవలి పక్కన పెట్టి, బండ ఎక్కి వచ్చి, పక్కన కూర్చుంది.

"ఇంకొంచెం పొయ్యక్కా," అంది.

సుంకులమ్మ పోసింది.

అప్పటి నుంచి ఆమె బతికినంత కాలం తోటలో ఉన్నవారు ఎవరో ఒకరు పక్కన నిలబడి ఆ మాట అనేవారు. చూడవచ్చినవారు ఇదేమిటని అడిగి తెలుసుకొని, తామూ ఒక దోసిలి పోసి పోయేవారు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు రావడం మొదలుపెట్టారు. తర్వాత మాటలు లేని ఇళ్ళవారు రావడం మొదలుపెట్టారు. సుంకులమ్మ పోయాక ఆమెను ఎక్కడ పెట్టాలని ప్రశ్న వస్తే, ఉద్యానవనం వారు నియమం సడలించి శిలావనం తూర్పు అంచున చోటిచ్చారు. అక్కడ పలక లేదు. మయూరశిఖ దుబ్బు ఒకటి ఉంది.

నేటికీ ఇక్కడ పద్ధతి ఇది. ద్వారం తెరవగానే ఆ రోజు పనిలో ఉన్న మాలులు ఇద్దరు వచ్చి మొదటి నీళ్ళు పోస్తారు. తర్వాత వచ్చేవారికి బండ పక్కనే కుళాయి, మట్టి కడవ ఉంటాయి. ఒంటరిగా ఎవరూ పోయరు. తోడు లేకుండా వచ్చినవారికి మాలులే తోడు నిలుస్తారు, కులం అడగరు, మతం అడగరు. మొదటి దోసిలి పోసినవారు ఆగాలి. పక్కనున్నవారు ఆ మాట అంటేనే రెండో దోసిలి పోయాలి. పూలు, పసుపు కుంకుమలు నెర్రెలో వేయకూడదు, మొక్కకు హాని. వైశాఖంలో మూడు రోజులు వడ్డెపేట వారు వచ్చి పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వంతులవారీగా నీళ్ళు పోస్తారు. ఆ మూడు రోజులూ తోటకు వచ్చిన ప్రతి మనిషికీ చల్లని నీళ్ళు అందుతాయి.

ఇక్కడ ఇద్దరుగా నీళ్ళు పోసినవారికి కడుపుకోత చల్లారుతుందని, ఇంట్లో ఆగిపోయిన మాట మళ్ళీ పుడుతుందని ఈ ప్రాంతం వారి నమ్మకం. పోయినవారు తిరిగి వస్తారని ఎవరూ చెప్పరు.

కిందటి వేసవిలో ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. అరవై దాటినవారు. వారి మధ్య మాటలు పోయి ఎన్నేళ్ళయిందో, ఎందుకు పోయాయో మాలులు అడగలేదు. తమ్ముడు దోసిలి పోసి ఆగాడు. అన్న నోరు తెరవలేదు. ఎండ వాలింది, జనం వెళ్ళిపోయారు, ద్వారం మూసే వేళ దాటింది. తమ్ముడు తడి చేతులు బండ మీద ఆనించి అలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు. కాపలాదారు తాళం చెవులు చప్పుడు కాకుండా పిడికిట్లో పట్టుకొని మెట్ల మీద కూర్చున్నాడు.

ఇక్కడ ఎవరినీ తొందరపెట్టరు.